పాడుతూ మీటే విద్య: అమ్రాబాదు సీమ కిన్నెర

గిటారు నేర్చుకొనే విద్యార్థికి మొదటి నెలలలో ఒక వింత అనుభవం ఎదురవుతుంది. పాట ఒక్కటే పాడమంటే తప్పు లేకుండా పాడతాడు. తీగలు మాత్రమే మీటమంటే తాళం తప్పకుండా మీటుతాడు. రెండూ కలిపి చేయమంటే మాత్రం మొదటి చరణం దాటకముందే చేయి ఆగిపోతుంది, లేదా గొంతు ఆగిపోతుంది. చేయి మాట వెంట పరుగెత్తుతుంది; మాట చేయి వెంట పడుతుంది. తనకు సంగీతం రాదేమో అని విద్యార్థి దిగులు పడతాడు. నిజానికి ఇది ప్రతిభకు సంబంధించిన లోపం కాదు. మానవ శరీరంలో చేతికీ, గొంతుకూ, చెవికీ మధ్య ఉన్న సంబంధానికి చెందిన సమస్య ఇది. గిటారు మన ఊళ్ళకు రావడానికి ఎంతో పూర్వమే ఈ సమస్యను మన పల్లె గాయకులు ఎదుర్కొన్నారు, జయించారు. ఆ జయానికి చక్కని నిదర్శనం నల్లమల అంచున, అమ్రాబాదు సీమలో వినిపించే కిన్నెర.

అమ్రాబాదు సీమ

కృష్ణానదికి ఉత్తరాన, నల్లమల కొండల మీద పరచుకొని ఉన్న పీఠభూమి అమ్రాబాదు. పూర్వం ఇది మహబూబునగరు జిల్లాలోనిది. 2016 అక్టోబరు 11న జిల్లాల పునర్విభజన జరిగినప్పుడు నాగర్‌కర్నూలు జిల్లాలో చేరింది. అమ్రాబాదు పులుల అభయారణ్యం ఈ పీఠభూమి మీదనే ఉన్నది. దాని వైశాల్యం సుమారు 2,611 చదరపు కిలోమీటర్లు. నదికి ఆవలి ఒడ్డున శ్రీశైలం. ఈవలి వైపున, శ్రీశైలానికి ఉత్తర ద్వారంగా ప్రసిద్ధికెక్కిన ఉమామహేశ్వరం. కనుక ఈ అడవి దారులు ఎన్నో శతాబ్దాలుగా యాత్రికుల పాటలు విన్నవే.

ఈ అడవులలో చెంచులు తరతరాలుగా నివసిస్తున్నారు. దుంపలు, పండ్లు, తేనె సేకరించి జీవించే వీరిని గురించి తెలుసుకోవడానికి ఆస్ట్రియా దేశీయుడైన మానవశాస్త్రజ్ఞుడు ఫ్యూరర్ హైమెన్‌డార్ఫ్ 1940లో ఈ పీఠభూమికి వచ్చాడు. చెంచులను గురించి ఆయన రచించిన గ్రంథం 1943లో వెలువడింది. చెంచులలోనూ ఒక విధమైన కిన్నెర ఉన్నది. అడవి దిగువ పల్లెలలో కిన్నెర ముఖ్యంగా డక్కలివారి వాద్యం. వారు ఊరూరా తిరిగి, మాదిగల వాడలలో జాంబపురాణం చెప్పి, వారిచ్చిన దానితో బ్రతికిన కథకులు. పొలం లేదు, వేరే వృత్తి లేదు. భుజాన కిన్నెర, గొంతులో కథ ఇవే వారి ఆస్తి. అందుచేత పాడుతూ మీటడం వారికి వినోదం కాదు, జీవనోపాధి. గొంతు ఒకరిది, వాద్యం మరొకరిది ఐతే వచ్చిన గింజలు ఇద్దరికీ పంచుకోవాలి. ఒకే మనిషి రెండు పనులూ చేయగలగడం వెనుక ఈ ఆర్థిక కారణం కూడా ఉన్నదని గుర్తించాలి.

అమ్రాబాదుకు పొరుగున ఉన్న లింగాల మండలంలో అవుసలికుంట అనే గ్రామం ఉన్నది. పన్నెండు మెట్ల కిన్నెరతో దేశమంతటా పేరు పొందిన దర్శనం మొగిలయ్య ఆ గ్రామస్థుడు. ఆయన సంగతి తరువాత చెప్పుకుందాం. ముందు ఆ వాద్యం ఎక్కడ నుండి వచ్చిందో చూద్దాం.

మెట్లు ఎప్పుడు వచ్చాయి?

మన పురాణాలలో కిన్నరులు దేవలోక గాయకులు. వాద్యానికి వారి పేరే వచ్చింది. సంస్కృత గ్రంథాలలో కిన్నరి, కిన్నరీవీణ అని వ్యవహారం, తెలుగులో కిన్నెర.

ప్రాచీన కాలపు దండవీణలకు మెట్లు ఉండేవి కావు. ఏకతంత్రి అనే ఒంటితీగ వీణకు మెట్లు లేవు. వెదురు ముక్క వంటి దానిని తీగ మీద జరుపుతూ స్వరాలు పలికించేవారు. స్వరం సరిగా ఎక్కడ ఉన్నదో చెవి ఒక్కటే చెప్పాలి. తీగ మీద మెట్లు అమర్చిన కిన్నరీవీణను రూపొందించినవాడు మతంగముని అని సంగీత సంప్రదాయం చెబుతున్నది. దేశి సంగీతానికి లక్షణం చెప్పిన బృహద్దేశి ఆయన గ్రంథమే. పదమూడవ శతాబ్దంలో దేవగిరి యాదవరాజు సింహణుని ఆస్థానంలో ఉన్న శార్ఙ్గదేవుడు తన సంగీతరత్నాకరంలో కిన్నరిని వర్ణించి, అందులో లఘ్వి, బృహతి అనే భేదాలను చెప్పాడు. చిన్నదీ పెద్దదీ అన్నమాట.

అదే శతాబ్దంలో తెలుగున పాల్కురికి సోమనాథుడు బసవపురాణంలో కిన్నర బ్రహ్మయ్య అనే శివభక్తుని కథ చెప్పాడు. కిన్నెర మీటడమే ఆ భక్తుని పేరుకు మూలం. ఆ కవే పండితారాధ్యచరిత్రలోని పర్వత ప్రకరణంలో శ్రీశైల యాత్రికుల ఆటపాటలను విస్తారంగా వర్ణించాడు. దీనిని బట్టి కిన్నెర ఆ నాటికే రాజాస్థానంలోని శాస్త్రగ్రంథాలలోనూ, సామాన్య భక్తుల కథలలోనూ చోటు సంపాదించుకొన్నదని తెలుస్తున్నది.

పదహారవ శతాబ్దం చివర అక్బరు ఆస్థానంలో అబుల్ ఫజల్ రచించిన ఐన్-ఇ-అక్బరీలో కిన్నరి ప్రసక్తి ఉన్నది. వీణ కంటె పొడవైన దండి, మూడు బుర్రలు, రెండు తీగలు అని అందులో వర్ణన. 1891లో దక్షిణదేశ సంగీతవాద్యాలను గురించి పెద్ద గ్రంథం ప్రకటించిన ఇంగ్లీషు సైనికాధికారి డే కూడా కిన్నరిని చిత్రంతో సహా పేర్కొన్నాడు. ఆస్థానాలలో సరస్వతీవీణ, రుద్రవీణ ఆ స్థానాన్ని ఆక్రమించిన తరువాత కిన్నెర పల్లెలలో, అడవి అంచులలో మిగిలింది. శాస్త్రగ్రంథాల నుండి జారిపోయిన వాద్యాన్ని భిక్షాటన చేసే కథకులు భుజాన వేసుకొని కాపాడారు.

ఇక్కడ ఒక విషయం జాగ్రత్తగా ఆలోచించాలి. మెట్టు అనేది చూడడానికి చిన్న వస్తువు. కాని పాడుతూ మీటేవానికి అది చేసిన మేలు చాలా గొప్పది. మెట్టు లేని తీగ మీద చెవి రెండు కాపలాలు కాయాలి: గొంతు శ్రుతిలో ఉన్నదా అని ఒకటి, వేలు స్వరం మీద ఉన్నదా అని ఒకటి. మెట్టు ఉన్నప్పుడు వేలు కొంచెం ఇటూ అటూ పడినా స్వరం నిలుస్తుంది. రెండవ కాపలా మెట్టే కాస్తుంది. చెవి గొంతుకు మిగులుతుంది. గిటారు మెడ మీద ఉన్న మెట్లు చేసే పని కూడా ఇదే.

వెదురు, ఆనపబుర్ర, తేనెమైనం

పాతకాలపు పద్ధతిలో కిన్నెర తయారీకి కావలసిన వస్తువులన్నీ పల్లెలోనూ అడవిలోనూ దొరికేవే. దండి వెదురుబొంగు. దాని కింద ఎండబెట్టి గుజ్జు తీసిన ఆనపకాయ బుర్రలు మూడు. దండి మీద మెట్లుగా పూర్వం అలుగు అనే జంతువు పొలుసులను తేనెమైనంతో అతికించేవారు. అలుగు 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద రక్షణ పొందిన జంతువు. దానిని వేటాడడం నేరం. తీగలకు పూర్వం స్త్రీల జుట్టును, జంతువుల నరాలను వాడేవారని చెబుతారు. తరువాత లోహపు తీగలు వచ్చాయి.

బుర్ర ఎందుకు? తీగ సన్ననిది. అది ఎంత వేగంగా కంపించినా గాలిని కత్తిలాగ కోస్తుందే కాని కదిలించలేదు. తీగ కంపనాలు మెట్టు ద్వారా దండికీ, దండి నుండి బుర్రకూ చేరుతాయి. వెడల్పైన బుర్ర గోడ, దానిలోని గాలి కలిసి కంపించినప్పుడు ధ్వని పదిమందికి వినిపిస్తుంది. దీనినే అనునాదం అంటారు. పంతొమ్మిదవ శతాబ్దంలో స్పెయినులో ఆంటోనియో దె టోరెస్ తీర్చిన రూపంలో గిటారుకు పలుచని చెక్కపెట్టె చేసే పని, మన కిన్నెరకు ఆనపబుర్ర చేస్తుంది. ఐనా బుర్రల ధ్వని మృదువైనది. మనిషి గొంతును మింగివేయదు. గాయకునికి తోడుండే వాద్యానికి ఇది ముఖ్యమైన గుణం. డప్పు వాయిస్తూ కథ చెప్పేవాడు గొంతు చించుకోవాలి. కిన్నెర మీటేవాడు మామూలు గొంతుతోనే పాడవచ్చు.

మెట్ల అమరికలో ఒక లెక్క ఉన్నది. తీగ పొడవు తగ్గినకొద్దీ పౌనఃపున్యం, అనగా క్షణానికి వచ్చే కంపనాల సంఖ్య, అదే నిష్పత్తిలో పెరుగుతుంది. ఈ సూత్రాలను ఫ్రాన్సు దేశంలో మెర్సెన్ 1636లో ప్రకటించిన గ్రంథంలో స్పష్టంగా చెప్పాడు. ఉదాహరణకు 60 సెంటీమీటర్ల తీగ క్షణానికి 200 సార్లు కంపిస్తున్నదనుకుందాం. అది షడ్జమం. వేలుతో నొక్కి 48 సెంటీమీటర్లు మిగిల్చితే 250 కంపనాలు: అంతర గాంధారం. 45 మిగిల్చితే సుమారు 267: శుద్ధ మధ్యమం. 40 మిగిల్చితే 300: పంచమం. 30 మిగిల్చితే 400: తారషడ్జమం. అనగా ఒక స్థాయి మొత్తానికి 30 సెంటీమీటర్ల జాగా పట్టింది. ఆ పై స్థాయికి కేవలం 15 సెంటీమీటర్లే చాలు. అందుచేత పైకి పోయినకొద్దీ మెట్లు దగ్గరపడతాయి.

ఈ ఎడాలు సమానం కానందువల్ల నేర్చుకొనేవానికి ఒక చిక్కు వస్తుంది. వేలు ఒక్కొక్క చోట ఒక్కొక్క దూరం కదలాలి. కథకుడు శ్రోతల ముఖం చూస్తూ పాడాలి గాని మెట్లు చూస్తూ కూర్చోరాదు. కనుక దూరాలను కన్ను కాక కండరమే గుర్తుంచుకోవాలి. మన అవయవాలు ఎక్కడ ఉన్నాయో కన్ను మూసుకొన్నా మనకు తెలుస్తుంది. కండరాలలో, కీళ్ళలో ఉండే నాడీగ్రాహకాలు ఈ సమాచారాన్ని మెదడుకు పంపుతాయి. చీకటిలో అన్నం ముద్ద నోటికే పోవడం ఈ జ్ఞానం వల్లనే. కిన్నెర వేళ్ళకు కూడా ఈ జ్ఞానమే ఆధారం.

ఇక శ్రుతి. అందరి గొంతులూ ఒక ఎత్తులో ఉండవు. గాయకుడు తన గొంతుకు సుఖమైన శ్రుతి ఎన్నుకొని, తీగను ఆ శ్రుతికి బిగిస్తాడు. తీగ బిగువు పెరిగితే స్వరం పెరుగుతుంది, కాని తేలికగా పెరగదు: కంపనాలు రెట్టింపు కావాలంటే బిగువు నాలుగు రెట్లు కావాలి. షడ్జమాన్ని చతుశ్శ్రుతి రిషభం ఎత్తుకు పెంచాలన్నా బిగువు సుమారు 27 శాతం పెంచాలి. కొత్తగా నేర్చుకొనేవారు చేసే పెద్ద పొరపాటు ఇక్కడే ఉన్నది. వాద్యం ఏ శ్రుతిలో ఉంటే ఆ శ్రుతికి గొంతును ఈడ్చుకొనిపోతారు. గొంతు నొప్పి పుడుతుంది. దృష్టి అంతా గొంతు మీదికి పోయి చేయి తప్పుతుంది. వాద్యమే గొంతుకు అనుగుణంగా మారాలి.

మూడు విధాల తోడు

పాటకు వాద్యం తోడు నిలిచే పద్ధతులు మన దేశంలో మూడు విధాలుగా కనిపిస్తాయి.

మొదటిది శ్రుతి తోడు. సంక్రాంతినాడు ఇంటి ముంగిటికి వచ్చే హరిదాసు తంబుర మీటుతూ పాడతాడు. తీగలో ఒకే స్వరం. చేయి చేసేది ఒకే పని. పాట ఎటు పోయినా చేయి మారదు. పాడుతూ మీటడంలో ఇది మొదటి మెట్టు.

రెండవది తాళపు తోడు. హరిదాసు మరొక చేత చిరుతలు మోగిస్తాడు. బుర్రకథలో ప్రధాన కథకుడు తంబుర మీటుతూ, వేళ్ళకు తొడిగిన అందెలు మోగిస్తూ, అడుగులు వేస్తూ కథ చెబుతాడు. ఇక్కడ చేయి పాటలోని స్వరాన్ని కాక నడకను పట్టుకొంటుంది. గిటారు మీద కార్డులు అనే స్వరగుచ్ఛాలను మీటుతూ పాడడం చాలవరకు ఈ జాతికి చెందినదే. కాని అందులో ఎడమచేయి మధ్య మధ్య పట్టు మార్చాలి. ఆ మార్పు తరచుగా మాట మధ్యలో వస్తుంది. కొత్తవారి చేయి ఆగిపోయేది సరిగ్గా అక్కడే.

మూడవది రాగపు తోడు. కిన్నెరది ఈ మార్గం. గొంతులో నడిచే వరుసనే వేలు మెట్ల మీద నడుపుతుంది. చూడబోతే ఇది అన్నిటికంటె కష్టమనిపిస్తుంది. ఒక విధంగా కష్టమే. వేలు ప్రతి అక్షరానికీ కదలాలి. కాని మరొక విధంగా సులభం. గొంతుకూ వేలికీ రెండు వేర్వేరు ఆలోచనలు అక్కరలేదు. వరుస ఒక్కటే; అది రెండు దారులలో బయటికి వస్తుంది. పైగా మెట్టు పలికే స్వరం గొంతుకు దారి చూపుతుంది.

చేయి, గొంతు, చెవి

ఒకేసారి రెండు పనులు చేయడం ఎందుకు కష్టం? ఈ ప్రశ్నకు శాస్త్రజ్ఞులు సమాధానం వెదకడం మొదలుపెట్టి వందేళ్ళు దాటింది.

1897లోనూ, 1899లోనూ అమెరికాలో బ్రయన్, హార్టర్ అనే ఇద్దరు తంతివార్తల పని నేర్చుకొనేవారిని పరిశీలించి తమ ఫలితాలు ప్రకటించారు. టకటకమనే శబ్దాలను విని అక్షరాలుగా రాసుకోవడం ఆ పని. మొదట అభ్యాసకుడు ఒక్కొక్క అక్షరాన్నే పట్టుకొంటాడు. కొంతకాలానికి మాటలను పట్టుకొంటాడు. ఆ తరువాత వాక్యఖండాలనే ఒక్కసారిగా పట్టుకొంటాడు. ఈ దశల మధ్య అభివృద్ధి ఆగిపోయినట్లు కనిపించే కాలం ఒకటి ఉంటుంది. అది నిజంగా ఆగడం కాదని, చిన్న అలవాట్లు గట్టిపడి పెద్ద అలవాటుకు పునాది ఏర్పడుతున్న కాలమని వారు అభిప్రాయపడ్డారు. వాద్యం నేర్చుకొనేవారు ఈ మాట గుర్తుంచుకోదగినది.

1931లో టెల్ఫర్డ్ అనే శాస్త్రజ్ఞుడు మరొక విషయం కనిపెట్టాడు. ఒక సంకేతానికి జవాబు చెప్పిన అర సెకనులోపలే రెండవ సంకేతం వస్తే, దానికి జవాబు చెప్పడం ఆలస్యమవుతుంది. ఆలోచించి చేయవలసిన పనులు రెండు వచ్చినప్పుడు మెదడు వాటిని ఇరుకు సందులో బండ్లలాగ ఒకదాని వెనుక ఒకటి పంపుతుంది. గిటారు పట్టు ఎటు మార్చాలా అని ఆలోచించే క్షణంలోనే తరువాతి మాట ఏమిటా అని కూడా ఆలోచించవలసి వస్తే, ఒక బండి ఆగక తప్పదు.

మరి కథకునికి ఎందుకు ఆగదు? అతని చేతిపని ఆలోచనతో నిమిత్తం లేకుండా సాగుతుంది గనుక. 1967లో ఫిట్స్, పోస్నర్ అనే మనస్తత్వ శాస్త్రజ్ఞులు నేర్పు మూడు దశలలో వస్తుందని వివరించారు. మొదటి దశలో ఏం చేయాలో ఆలోచిస్తూ చేస్తాము. రెండవ దశలో తప్పులు దిద్దుకొంటూ చేస్తాము. మూడవ దశలో పని తనంతట తాను సాగిపోతుంది. నడక, ఈత, సైకిలు తొక్కడం అందరికీ తెలిసిన ఉదాహరణలు. పదేపదే చేసిన కదలికల వరుసలను నడపడంలో మెదడు అడుగుభాగాన ఉన్న నాడీకేంద్రాలకూ, చిన్నమెదడుకూ ముఖ్యమైన పాత్ర ఉన్నది. ఆ స్థితికి వచ్చిన చేయి ఇరుకు సందులో అడ్డుపడదు. అప్పుడు మనస్సు కథ మీద నిలుస్తుంది.

చెవి పాత్ర కూడా తక్కువది కాదు. 1950లో బెర్నార్డ్ లీ ఒక ప్రయోగం చేశాడు. మాట్లాడేవాని మాటను అతని చెవికే ఒక సెకనులో సుమారు ఐదవ వంతు ఆలస్యంగా వినిపించాడు. అతడు తడబడి, నత్తివానివలె మాట్లాడసాగాడు. మన గొంతును మన చెవి ప్రతిక్షణం దిద్దుతున్నదనడానికి ఇది రుజువు. దీనిని బట్టి పాడుతూ మీటేవాడు వేగం తగ్గించి అభ్యాసం చేయడం ఎందుకు మంచిదో ఊహించవచ్చు. చేయి వెనుకబడి స్వరం ఆలస్యంగా వినిపిస్తే గొంతుకు దొరికే ఆధారం చెడుతుంది. మెల్లగానైనా రెండూ ఒక్క క్షణంలో పలకడం ముఖ్యం.

కథకుల మార్గం

తంతివార్తల ప్రయోగాలు తెలియని కథకులు ఈ సత్యాలకు తగిన మార్గాన్నే అనుభవంతో కనుగొన్నారు. వారి పిల్లలకు స్వరలిపి లేదు, పుస్తకం లేదు. తల్లిదండ్రుల వెంట ఊళ్ళు తిరుగుతూ చిన్నప్పటి నుండి అవే వరుసలు, అవే కథలు వింటారు. వాద్యం చేతికి వచ్చేనాటికి పాట వారికి కొత్తది కాదు. అనగా రెండు పనులలో ఒకటి ముందుగానే అలవాటై ఉంటుంది. కొత్త పని ఒక్కటే మిగులుతుంది.

కథ నడిచే తీరు కూడా నేర్చుకొనేవానికి అనుకూలమైనది. కథకుడు ఒక పాదం పాడి ఆగుతాడు. ఆ సందులో వాద్యం పలుకుతుంది. ఆ క్షణంలో గొంతు ఊపిరి తీసుకొంటుంది, మనస్సు తరువాతి పాదాన్ని తెచ్చుకొంటుంది, చేయి తన నడకను సరిచేసుకొంటుంది. వరుస ఒక్కటే గనుక మాటలు మారినా వేలు మారనక్కరలేదు. పొడవైన కథను గంటల తరబడి పాడడం ఇందువల్లనే సాధ్యమవుతుంది.

గిటారు నేర్చుకొనే నేటి విద్యార్థి ఇందులో నేర్చుకోదగినది చాలా ఉన్నది. బాగా నోటికి వచ్చిన పాటనే మొదట ఎన్నుకోవాలి. చేతిని ఒంటరిగా అభ్యాసం చేసి, పక్కవారితో మాట్లాడుతూ కూడా తప్పకుండా మీటగలిగిన తరువాతనే గొంతు కలపాలి. మొదట మాటలు వదిలి వరుసను మాత్రం కూనిరాగంగా తీయాలి. పిమ్మట మాటలు చేర్చాలి. ఒక్కొక్క పాదం తరువాత విరామం ఇవ్వాలి. ఆ విరామంలో చేయి ఆగరాదు. శ్రుతి గొంతుకు తగినట్లు ఉండాలి. వేగం చివరిది.

తరగతిలో ఒక ప్రయోగం

పై విషయాలను పరీక్షించడానికి వాద్యం ఏదీ అక్కరలేదు. ఉపాధ్యాయులు తరగతిలో చేయించవచ్చు. విద్యార్థులు ఇద్దరిద్దరుగా కూర్చోవాలి. ఒకడు బల్ల మీద సమానమైన ఎడంతో చేతితో దరువు వేస్తూ, తనకు చిన్నప్పటి నుండి వచ్చిన వేమన పద్యం ఒకటి చదవాలి. రెండవవాడు దరువు ఎన్నిసార్లు తప్పిందో, మాట ఎన్నిసార్లు తడబడిందో రాసుకోవాలి. తరువాత అదే దరువుతో, ఆ ఉదయమే నేర్చిన కొత్త పద్యం అప్పచెప్పాలి. చివరగా నోటికి వచ్చిన పద్యాన్నే చదువుతూ, దరువును మాత్రం మూడు చిన్న దెబ్బలు, ఒక విరామంగా మార్చాలి.

మొదటిదానిలో కంటె రెండవ, మూడవ వాటిలో తప్పులు పెరగడం సాధారణంగా కనిపిస్తుంది. రెండవదానిలో గొంతుకు ఆలోచన కావలసి వచ్చింది. మూడవదానిలో చేతికి ఆలోచన కావలసి వచ్చింది. ప్రతిదినం పది నిమిషాలు మూడవ దరువును మాత్రమే అభ్యసించి, వారం తరువాత మళ్ళీ లెక్క తీస్తే తప్పులు ఎంత తగ్గాయో పట్టిక రాయవచ్చు. ప్రతిదినం తీసిన లెక్కలను రేఖాచిత్రంగా గీస్తే, బ్రయన్, హార్టర్లు చూసిన నిలకడ దశ తమకూ కనిపించిందా లేదా విద్యార్థులే నిర్ణయించుకోవచ్చు.

వాద్యం ఒక్కటే మిగిలితే

అవుసలికుంట మొగిలయ్యకు కిన్నెర తాత తండ్రుల నుండి వచ్చిన విద్య. నిజాము కాలంలో ఉన్నవారిని దోచి లేనివారికి పంచిన పాలమూరు వీరుడు పండుగ సాయన్న కథను ఆయన కిన్నెర మీద పాడుతూ వచ్చాడు. తెలంగాణ ప్రభుత్వం ఎనిమిదవ తరగతి సాంఘికశాస్త్ర పాఠ్యపుస్తకంలో ఆయనను గురించి చేర్చింది. 2021లో విడుదలైన భీమ్లా నాయక్ చిత్రగీతం ప్రారంభంలో ఆయన గొంతు వినిపించింది. అంతవరకు కిన్నెర పేరే వినని లక్షలమంది ఆ ధ్వని విన్నారు. 2022లో భారత ప్రభుత్వం ఆయనకు పద్మశ్రీ ప్రకటించింది. ఐనా 2024లో ఆయన కట్టడాల వద్ద దినకూలీగా పనిచేయవలసి వచ్చిందని పత్రికలు రాశాయి. పన్నెండు మెట్ల కిన్నెరను పాడుతూ మీటగలవారు వేళ్ళ మీద లెక్కపెట్టదగినంతమందే మిగిలారు.

ఒక వాద్యాన్ని కాపాడడం సులభం. వెదురు, బుర్ర, తీగ కొలతలు తీసుకొని ప్రదర్శనశాలలో గాజు బీరువాలో ఉంచవచ్చు. పాటను కాపాడడమూ కష్టం కాదు, ధ్వనిముద్రణ చేయవచ్చు. కాని పాడుతూ మీటే విద్య వాద్యంలో లేదు, పాటలోనూ లేదు. ఏళ్ళ తరబడి చేసిన అభ్యాసంతో ఒక మనిషి నాడులలో, కండరాలలో, చెవిలో అది నెలకొని ఉంటుంది. మరొక మనిషి ఎదుట కూర్చొని, విని, చూసి, తప్పులు చేసి నేర్చుకొన్నప్పుడే అది చేయి మారుతుంది. ఒక తరం నేర్చుకోకపోతే, తరువాతి తరానికి కిన్నెర దొరికినా, పాట దొరికినా, ఆ రెండూ కలిసే చోటు దొరకదు.

అమ్రాబాదు, అచ్చంపేట, లింగాల ప్రాంతాల పాఠశాలలు ఈ విషయంలో మిగిలిన రాష్ట్రానికి దారి చూపగలవు. ఆనపకాయ పెరట్లో కాస్తుంది. వెదురు దొరుకుతుంది. అలుగు పొలుసుకు బదులు కొయ్యతోనో, లోహంతోనో మెట్లు చేసుకోవచ్చు. మెట్ల దూరాలను లెక్కించడం గణిత పాఠం. బుర్ర పలకడం భౌతికశాస్త్ర పాఠం. చేయి గొంతుతో కలవడం శరీరశాస్త్ర పాఠం. పండుగ సాయన్న కథ చరిత్ర పాఠం. ఇన్ని పాఠాలు చెప్పే పరికరం మరొకటి ప్రయోగశాలలో దొరకడం అరుదు. ఐతే దానిని చేతికి అందించవలసినవారు ఇంకా ఉన్నప్పుడే ఆ పాఠాలు మొదలుకావాలి.